డొల్ల రాయి నీడ

వెళ్లొద్దని చెప్పినవాళ్లందరి పేర్లూ రాస్తే ఈ కథనానికి చోటు మిగలదు. అందరికంటే ముందు మా ఆవిడ మరియమ్మ. "ముప్పై మూడేండ్లు భూమిల దిగినవ్, ఇప్పుడు మొగులుల ఎక్కుతవా? సప్పుడు జెయ్యకుండ ఇంట్ల కూసో" అంది. మంచిర్యాల స్టేషన్ దగ్గర నేను రోజూ కూర్చునే చాయ్ హోటల్లో నా పాత స్నేహితుడు ఖాజా ఇంకాస్త గట్టిగా తగులుకున్నాడు. "అరే రత్నం భాయ్, పక్కన గోదారి ఉంటెనే మోకాలు దాక దిగవు. నీకు సముద్రం గావాల్నా?" ఛాతీ డాక్టరు నా ఎక్స్‌రే దీపానికి ఎదురుగా పట్టుకుని, ఊపిరితిత్తుల్లో దుమ్ముంది, అంత దూరం దేనికన్నాడు. ఇంట్లో కూర్చున్నా ఆ దుమ్ము లోపలే ఉంటుంది కదా సార్ అని చెప్పి వచ్చేశాను.

ఈ ఎదురుచెప్పే గుణం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. నలభై దాటాక వచ్చింది. ఎందుకు వచ్చిందో ముందే చెప్పాలి. లేకపోతే ఆ సముద్రపు ఒడ్డున నేను చేసిన పని మీకు పిచ్చిగా కనిపిస్తుంది.

నాది బొగ్గుగనిలో టింబర్ పని. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టాలి. అంతకంటే ముందు కప్పును కొట్టి చూడాలి. ఎడమ అరచెయ్యి రాయికి ఆనించి, కుడిచేత్తో కర్ర పట్టి కొడతాం. గట్టి రాయైతే ఖంగుమంటుంది. పొర విడిచిన రాయి బొదబొదమంటుంది, అరచేతికి సన్నగా వణుకు తగులుతుంది. ఒకసారి అలా కొట్టి, కప్పు బాగాలేదని చెప్పి పని ఆపించాను. షిఫ్టు దిగేదాకా అది కూలలేదు. అప్పటి నుంచి నా పేరు "భయం రత్నం" అయింది. తర్వాతి నెల ఇంకో చోట అదే బొదబొద వినిపించింది. షిఫ్టులో మా మీద పెత్తనం చేసే సర్దారు "ఏం గాదు, కానియ్యి" అన్నాడు. మళ్లీ నవ్వుతారని నోరు మూసుకున్నాను. గంట తిరగకుండా కప్పు కూలి మల్లేశు పోయాడు. నాతోపాటే పనిలో చేరినవాడు, నా టిఫిన్ డబ్బాలో అడక్కుండా చెయ్యి పెట్టేవాడు.

రాయి గురించి ఇక ఎవరి ముందూ నోరు మూసుకోనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. రిటైరైన రోజు ఇంకో ఒట్టు, రాతి కప్పు కిందికి మళ్లీ పోనని. ఈ ప్రయాణంలో రెండో ఒట్టు తప్పాను. మొదటిదాని కోసం పరాయి దేశంలో దొంగనని కూడా అనిపించుకున్నాను.

కాల్యరి

సార్డీనియా అనేది మధ్యధరా సముద్రంలో ఇటలీవాళ్ల దీవి. మా చెల్లె సుగుణ ఇరవై రెండేళ్లుగా అక్కడ కన్యస్త్రీ, ఒక వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకు సేవ చేస్తుంది. మాది మెథడిస్టు ఇల్లు. కథోలిక మఠంలో చేరతానని చెల్లె అన్నప్పుడు బాపు ఆర్నెల్లు ఆమెతో మాట్లాడలేదు. ఆమె కూడా ఆర్నెల్లు ఆయనకు అన్నం వడ్డించి, మాట్లాడకుండానే వెళ్లిపోయింది. మొండితనంలో మా ఇంట్లో ఎవరూ ఎవరికీ తీసిపోరు.

ఆ దీవిలోని పెద్ద ఊరు కాల్యరి విమానాశ్రయంలో నా సంచి ఆపారు. మరియమ్మ తన చేత్తో చుట్టిన బీడీలు అందులో ఇరవై కట్టలున్నాయి. ఒక అధికారి ఒక బీడీ తీసి వాసన చూశాడు, ఇంకొకాయన్ని పిలిచాడు, ఆయన ఇంకొకామెను పిలిచాడు. ముగ్గురూ తునికాకు విప్పి, లోపలి పొగాకు కాగితం మీద పోసి, నా మొహంలోకి చూశారు. నేను నోటి దగ్గర రెండు వేళ్లు పెట్టి దగ్గి చూపించాను. ఆమె పకపకా నవ్వి పంపించేసింది. నష్టం జరిగింది బీడీలకు కాదు, సకినాలకు. బీడీల కోసం సంచి అడుగుదాకా చేతులు పెట్టి సకినాలు సగం పొడి చేశారు.

బయట చెల్లె కారు తాళాలు చేతిలో తిప్పుతూ నిలబడి ఉంది. చిన్నప్పుడు సైకిలు నేర్పిస్తుంటే కిందపడి, ఇక జన్మలో తొక్కనని ఏడ్చిన పిల్ల. ఇప్పుడు బూడిద రంగు అంగీ, తలమీద ముసుగు, కాలికి బూట్లు, కారును ఒంటిచేత్తో తిప్పేస్తోంది.

"గింత బక్కగైనవేందన్నా?" అంది.

"నువ్వు లావైనవ్ గదా, లెక్క సరిపాయె" అన్నాను.

దారిలో కాఫీ తాగించింది. బొమ్మల పెళ్లికి సరిపోయేంత కప్పులో అడుగున ఒక గుక్క, మన డబ్బుల్లో నూటపది రూపాయల పైమాట. నిలబడే తాగాలట, కూర్చుంటే ధర పెరుగుతుందట. మా హోటల్లో పన్నెండు రూపాయల చాయ్ తాగి రెండు గంటలు కూర్చున్నా యజమాని పల్లెత్తు మాట అనడు.

కొండమీది ఊరు

ఆశ్రమం ఉన్న ఊరు పాత గనుల ఊరని చెల్లె ఫోన్లో ఎన్నడూ చెప్పలేదు. ఆమెకు అది చెప్పాల్సిన సంగతి అనిపించలేదట. కొండవాలు మీద కప్పులు లేని గని కట్టడాలు, తుప్పు పట్టిన ఇనుప చక్రం. సీసం తవ్వారు, జింకు తవ్వారు, పక్కన ఇంకోచోట బొగ్గు కూడా తవ్వారు, అన్నీ మూసేశారు. మనవి మూసినప్పుడూ ఇలాగే ఉంటాయి కాబోలని ఆ చక్రం దగ్గర నిలబడి చాలాసేపు చూశాను.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాటేదాకా ఊళ్లో దుకాణాలన్నీ మూత. మంచిర్యాలలో అలా మూస్తే బంద్ ఎవరు పిలిచారని అడుగుతాం. వీళ్లు తిని పడుకుంటారు. రొట్టె గంపమూత అంత వెడల్పు, అప్పడమంత పలుచన, విరిస్తే పెళపెళమంటుంది. గొర్రెల కాపరులు నెలల తరబడి కొండల్లో ఉండేటప్పుడు పాడవకుండా ఉండటానికి అలా కాలుస్తారట. మన జొన్నరొట్టె దీనికి అక్కలాంటిది, మెత్తగా మంచిగా ఉంటుంది. దీనికి మాత్రం నమిలే ఓపిక కావాలి. మరియమ్మ పెట్టిచ్చిన మామిడికాయ తొక్కు పచ్చడి రాసుకున్నాక గొంతు దిగింది.

ఆ భోజనాల బల్ల దగ్గరే అస్సుంత అనే ముసలామె నా ఎదురుగా కూర్చుంది. ఎనభై ఆరేళ్లు, చేతికర్ర, నోటినిండా సొంత పళ్లు. నా ముంజేతి మీద బొగ్గు దూరి మానిన నీలం మచ్చలున్నాయి. ఆమె వాటి మీద వేలు పెట్టి ఏదో అంది.

"మీ అన్న గనిల జేసిండా అంటున్నది. వాళ్ల నాయిన చేతులు గిట్లనే ఉండేటియట" అని చెల్లె చెప్పింది.

నేను ఆమెను అవ్వా అని పిలవడం మొదలుపెట్టాను. ఆమె తొక్కు అడిగి వేయించుకుని, కళ్లనీళ్లు తుడుచుకుని, మళ్లీ అడిగింది.

సొరంగం

శనివారం చెల్లెకు సెలవు. అవ్వను ఎండాకాలంలో ఒక్కసారైనా తనకిష్టమైన రేవుకు తీసుకెళ్లడం ఆమెకు అలవాటు. ఆ రేవుకు పేరుంది, రాయను. రాస్తే మనవాళ్లు వెళ్లి నీళ్ల సీసాలు పారేసి వస్తారు.

తారు రోడ్డు అయిపోయాక మట్టిదారి, అది కూడా అయిపోయాక నడక. గుడిసె లేదు, గొడుగు లేదు, మొక్కజొన్న కంకులు కాల్చేవాడు లేడు. ఒకప్పుడు ఖనిజం దాచిన కట్టడం మొండిగోడలతో నిలబడి ఉంది. మొదట వచ్చే పెద్ద తీరం మీద కొంతమంది జనం ఉన్నారు. అవ్వకు కావలసింది అది కాదు, దాని పక్కన కొండ అవతల దాక్కున్న చిన్న రేవు. ఖనిజాన్ని పడవల దాకా మోయడానికి గని కార్మికులు ఆ కొండలోంచి సొరంగం తవ్వారు. ఇప్పటికీ అదే దారి.

సొరంగం మూతి దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి.

"నాల్గు అడుగులే అన్నా" అంది చెల్లె.

"నాల్గు అడుగులైనా కప్పు కప్పే."

"గయితే గీడనే కూసో. మేం పోయొస్తం."

అవ్వ అప్పటికే లోపలికి ఒక అడుగు వేసింది. నేను ఆమె మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. నేను కొట్టి చూడకుండా ఆమెను ఎలా పోనిస్తాను? జేబులోంచి బీడీల కట్ట, అగ్గిపెట్టె తీసి చెల్లె చేతిలో పెట్టాను. గని మూతి దగ్గర అవి అప్పగించి దిగడం ముప్పై మూడేళ్ల అలవాటు. చెయ్యి దానంతటదే చేసింది. కన్యస్త్రీ చేతిలో బీడీల కట్ట చూసి వెనకాల వస్తున్న జంట నోరు తెరిచారు. చెల్లె మొహం కందగడ్డైంది.

అవ్వ కర్ర అడిగి తీసుకుని, అడుగడుక్కీ కప్పు కొడుతూ నడిచాను. ఖంగు, ఖంగు, ఖంగు. తవ్వినవాళ్లు పనితనం తెలిసినవాళ్లు. మధ్యలో గని టోపీ దీపం సరిచేసుకోవడానికి నా చెయ్యి నుదుటి మీదికి వెళ్లింది, అక్కడ వట్టి బట్టతల తగిలింది. వెనకాల జంట విసుక్కుంటూ ఆగారు. ఆగనీ. అవతలి వెలుతురు కనిపించేదాకా నేను ఒక్క గజం కూడా కొట్టకుండా వదల్లేదు.

రేవు

సముద్రం ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. మూడు వైపులా తెల్లని కొండ, మధ్యలో మా ఇంటి వెనక వాడకట్టు అంత ఇసుక, దాని ముందు నీళ్లు. నడుంలోతులో నిలబడిన మనిషి కాలివేళ్లు ఒడ్డు నుంచి కనిపిస్తున్నాయి. నా జీవితంలో నేను ఎక్కువగా చూసిన నీళ్లు గని నీళ్లు, నల్లగా మోటార్లతో బయటికి తోడేవి. వద్దన్న వాళ్లందరి మీదా అక్కడే ఒకసారి మనసారా కోపం తీర్చుకున్నాను.

ఎండ మాడ్చేస్తోంది. నీడ ఒక్కచోటే ఉంది, కొండ అడుగు లోపలికి తొలుచుకుపోయి పైభాగం చూరులా ముందుకు వచ్చిన చోట. అక్కడ ఒక కుటుంబం దుప్పటి పరుచుకుని తింటోంది. గడ్డం పెంచిన యువకుడు, అతని భార్య, ముగ్గురు పిల్లలు, తాత, నానమ్మ. చెల్లె వాళ్లకు నమస్కారం చెప్పి, పక్కనే అవ్వ మడతకుర్చీ వేసింది.

నా చూపు ఇసుక మీద పడింది. సముద్రం దొర్లించిన గులకరాళ్లన్నీ నున్నగా గుండ్రంగా ఉన్నాయి. చూరు కింద ఉన్నవి మాత్రం పదునైన అంచులతో ఉన్నాయి, అంటే పైనుంచి ఈమధ్యే పడ్డవి. తలెత్తితే గాలికి బూడిద రంగు తిరిగిన రాతిలో రెండుచోట్ల కొత్తగా పెచ్చు ఊడిన తెలుపు, వాటి మధ్య వెంట్రుక మందాన చీలిక. ఎడమ అరచెయ్యి ఆనించి కర్రతో కొట్టాను.

బొదబొదమంది.

నీడ

ముందు అవ్వను కుర్చీతో సహా ఎండలోకి లాగాను. తర్వాత చెల్లెకు చెప్పాను. "కప్పు మంచిగ లేదు. వాళ్లను లేవమను."

"ఏండ్ల సంది అందరు గీడనే కూసుంటరన్నా. గిది నీ గని గాదు."

"రాయికి దేశమేంది? లేవమను."

"ఇరవై రెండేండ్ల సంది గీడ బతుకుతున్న. ఒక్కలతోని మాట పడలే. నువ్వొచ్చి వారం గాలే, నన్ను పరేషాన్ జేస్తున్నవ్. నేను అడుగ."

అడగదు. నాకు వాళ్ల భాష రాదు. నేను పైకి వేలు చూపించి, రెండు చేతులూ కిందికి పడేసి, "ధడేల్" అన్నాను. పిల్లలు నవ్వారు. తాత చప్పట్లు కొట్టాడు. యువకుడు మర్యాదగా తలూపి, రొట్టె ముక్క నాకు అందించాడు.

అప్పుడు నాకు ఒక్కటే తోచింది. వాళ్ల తిండి ఎటు పోతే వాళ్లూ అటే వస్తారు. నీలం రంగు ఐస్ డబ్బా పట్టుకుని బయటికి నడిచాను. యువకుడు ఒక్క ఉరుకులో వచ్చి రెండో పిడి పట్టుకున్నాడు. అతనటు లాగుతున్నాడు, నేనిటు. అతను తన భాషలో దొంగ అంటున్నాడని అర్థం కావడానికి దుబాసీ అక్కర్లేదు.

"అరే, నన్ను తర్వాత కొట్టు! ముందుగాల పోరగాండ్లను బయటికి తియ్యి!" అని తెలుగులో అరిచాను. అతను ఇంకా గట్టిగా అరిచాడు. పిల్లల్లో చిన్నది ఏడుపు మొదలుపెట్టింది. అందరూ నన్నే చూస్తున్నారు. నవ్వుతున్నవాళ్లు కొందరు, తిడుతున్నవాళ్లు కొందరు. నా చెవులు కాలిపోతున్నాయి. డబ్బా వదిలేసి ఎండలో ఒక మూల కూర్చుంటే అయిపోయేది, ఒకప్పుడు అలాగే చేశాను కదా. పిడి వదల్లేదు.

కుర్చీలోంచి అవ్వ ఏదో అడిగింది. చెల్లె తల వంచుకుని, నా మాటలు ఆమెకు చెప్పింది. అవ్వ లేచింది. నేను డబ్బా వదిలి ఆమెకు అడ్డం పోయాను. "అవ్వా, లోపటికి రాకు." ఆమె చూరు కిందికి రాలేదు, అంచు నేలకు దిగేచోట ఆగి, రాయి మీద అరచెయ్యి పెట్టింది. కర్రతో రాయిని కొట్టమని నాకు గడ్డంతో సైగ చేసింది. కొట్టాను. ఇంకోసారి అంది. ఇంకోసారి కొట్టాను. ఆ వణుకు ఆమె అరచేతికీ తగిలినట్టుంది, మొహంలో నవ్వు పోయింది.

కర్ర నా చేతిలోంచి లాక్కుని, యువకుడి వైపు చాపి, రెండే ముక్కలు మాట్లాడింది. వెంటనే నానమ్మ లేచింది, ఆ వెనక తాత, ఆ తర్వాత పిల్లలు. దుప్పటి ఒక్కటే మిగిలితే దాన్ని యువకుడు తిట్టుకుంటూ లాక్కొచ్చాడు.

"ఏమన్నది?" అని చెల్లెను అడిగాను.

"మీరు లేస్తరా, లేకుంటె నేనొచ్చి మీ నడుమ కూసోవాల్నా అన్నది."

ఇక నీడ పోగొట్టినవాణ్ని నేనే కాబట్టి నీడ నేనే ఇవ్వాలి. సముద్రం ఒడ్డుకు కొట్టిన దుంగలు నాలుగు ఏరుకొచ్చాను. ఇసుకలో మూరెడు గుంట తీసి, మొదళ్ల చుట్టూ రాళ్లు దిట్టంగా కొట్టి నిలబెట్టాను. సంచిలో వెంట తెచ్చుకున్న నా రెండు లుంగీలు, వాళ్ల దుప్పటి కలిపి పైన కట్టాను. ముప్పై మూడేళ్లు చేసిన పని, చేతులు మరిచిపోలేదు. చివరి దుంగ నిలబెట్టేటప్పుడు యువకుడే వచ్చి పట్టుకున్నాడు. ఊపి చూశాడు, అది కదల్లేదు. లుంగీల నీడలో పిల్లలు అదే సంచిలోని సకినాల పొడిని గుప్పిళ్లతో తిన్నారు. చెల్లె సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. అంతసేపూ యువకుడు మాత్రం మధ్యమధ్యలో రాయి వైపు చూసి, చేతులు చాపి, ఏదీ పడలేదే అన్నట్టు నాకు సైగ చేస్తూనే ఉన్నాడు. నేను ప్రతిసారీ తలూపాను. అవును, పడలేదు.

పొద్దు వాలాక ప్యాంటు మడిచి నీళ్లలో దిగాను. మోకాళ్ల దగ్గర ఆగలేదు, ఛాతీ దాకా పోయాను. ఉప్పు పెదాలకు తగిలింది. కాసేపటికి చెల్లె బూట్లు విడిచి, అంగీ అంచు పిడికిట్లో పట్టుకుని, పాదాలు తడుపుకుంటూ వచ్చింది.

"గంత మొండితనం ఏందన్నా నీకు?" అంది.

మల్లేశు సంగతి ఆమెకు తెలియదు. అప్పటికే ఆమె మఠంలో ఉంది, నేను ఉత్తరంలో రాయలేదు. ఆమె దగ్గరికి వచ్చి, పాదాలు మునిగే నీళ్లలో నిలబడి చెప్పాను. ఆమె పిడికిట్లోని అంగీ అంచు వదిలేసింది. నా తడి భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

స్టేషన్ దగ్గర

ఊరికి వచ్చిన తెల్లారే చాయ్ హోటల్లో ఇదంతా చెప్పాను. సముద్రం గురించి ఎవరూ ఏమీ అడగలేదు.

"మరి పడ్డదా రాయి?" అన్నాడు ఖాజా.

"పడలే."

"నువ్వొచ్చినంక?"

"రాత్రే చెల్లెకు ఫోన్ జేసి అడిగిన. ఇంక పడలే."

హోటలంతా ఒక్కసారి నవ్వింది. నాతో గనిలో పనిచేసిన పాతవాళ్లు నలుగురు బెంచీ మీద చరిచి మరీ నవ్వారు. "ఇటలీ దాక పోయినా భయం రత్నం భయం రత్నమే" అన్నాడు ఒకడు. నేను చాయ్ ఊదుకుంటూ ఆ నవ్వు చివరిదాకా విన్నాను. బెంచీ మీదున్న కుర్రకారుకు తెలియదు గానీ, ఆ నలుగురికీ తెలుసు, ఆ పేరు నాకు పెట్టింది మల్లేశు. షిఫ్టులో అందరికంటే గట్టిగా నవ్వింది కూడా వాడే. వాడు మళ్లీ నవ్వుతాడనే ఆ రోజు నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఆ పేరుతో ఎవరు పిలిచినా పలుకుతాను.